ఏడో కవరు

కారు ఇంజను కడగడం నాకు ఇష్టం లేదు. కడగకుండా వదిలేయడమూ ఇష్టం లేదు. రెండింటిలో ఏది చేసినా నా కోడలికి ఏదో అవుతుందని ఆ ఆదివారం పొద్దున్నుంచి గుండెలో ఒకటే దడ.

మరుసటి రోజు ఎనిమిదింటికల్లా రంజితను ఆసుపత్రిలో చేర్పించాలి. నెలలు నిండాయి. బీపీ ఎక్కువగా ఉంది కాబట్టి నొప్పుల కోసం కాచుకోకుండా ఆపరేషను చేసి బిడ్డను తీస్తామని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి కె.ఆర్.పురంలో. మేముండేది వర్తూరులో, చెరువు వెనక వీధిలో అద్దె ఇంట్లో. మధ్యలో కుందలహళ్ళి, అది దాటితే లారీల రోడ్డు, ఆ పైన వంతెన. తీసుకుపోవలసింది నా కొడుకు రామాంజి కారులోనే. ఆ కారునే వాడు రోజూ కంపెనీ ఉద్యోగస్తులకు తిప్పుతాడు. రంజిత పరాయి పిల్ల కూడా కాదు, మా అన్న కూతురు. పెళ్ళి పందిట్లో మా అన్న ఆ పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలోనే పెట్టాడు, రామాంజి చేతిలో కాదు. అది నేను మరిచిపోలేదు.

పది రోజులుగా కారు ముందువైపు నుంచి మాడిన నూనె వాసన వస్తోంది. మొన్న స్కానింగుకు తీసుకుపోతే కుందలహళ్ళి సిగ్నలు దగ్గరే రంజిత కారు దిగి కక్కుకుంది.

"పకోడీలోడి మూకుట్లో తల పెట్టినట్టుండాది అత్తా," అంది, నోరు తుడుచుకుంటూ.

రామాంజి బానెట్ ఎత్తి చూస్తే లోపల అంతా నల్లగా, జిడ్డుగా, దుమ్ము అతుక్కుని ఉంది. లింగన్నకు ఫోను చేశాడు. లింగన్న కె.ఆర్.పురంలో గ్యారేజీ పెట్టుకున్న మెకానిక్కు. మేము వదిలొచ్చిన కదిరి వైపు మనిషే. ఫోను స్పీకరులో పెట్టమని నేనే పట్టుబట్టాను.

"ఆయిలు కారతాండాదప్పా," అన్నాడు లింగన్న. "యాడి నుంచి కారతాండాదో ఆ మడ్డిలో నాకేం కనపడతాది? కడిగి పట్టుకరా, అరగంటలో చూసి రబ్బరు ప్యాకింగు మార్చి పంపిస్తా. కారిన ఆయిలు పోయి సైలెన్సరు పైపు మీద పడి కాలతాండాది. అదే ఆ వాసన."

"అట్లనే తిప్పితే ఏమైతాది లింగన్నా?" అని నేను మధ్యలో దూరాను.

"ఏముందిలే అక్కా, పొగ వస్తాది."

"మంట రాదా?"

లింగన్న వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కాసేపే నాకు చాలు. ఆ తర్వాత ఆయన "అంత దూరం పోదులే" అన్నాడు గానీ అప్పటికే నా కళ్ళముందు వంతెన మీద కారు మండుతోంది, వెనక సీట్లో రంజిత కడుపు పట్టుకుని ఉంది.

అందుకని కడగక తప్పలేదు.

"పెట్రోలు గుడ్డతో తుడిస్తే ఐదు నిమిషాల్లో పోతాది కదన్నా?" అన్నాడు మా వాడు.

"పోతాది. నువ్వూ పోతావు. పెట్రోలు వద్దు, కిరసనాయిలు వద్దు. షాపులో జిడ్డు వదిలే మందు అమ్ముతారు, అది కొట్టి బ్రష్షుతో రుద్దు. బండి ఆపినాక రెండు గంటలన్నా చల్లారనీ. వేడి మీద చల్లనీళ్ళు పడితే ఇనుమైనా చీలుతాది. బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కన పెట్టు. కరెంటు పెట్టెలకు, ఆల్టర్నేటరుకు, గాలి పెట్టెకు ప్లాస్టిక్ కవర్లు కట్టు. సర్వీసు స్టేషన్లో మాదిరి పైపుతో కొట్టాకు, చెంబుతో పోసుకో."

"నీళ్ళు లోపలికి పోతే?" అన్నాను.

"పోకుండానే కదా అక్కా కవర్లు."

"ఒకవేళ పోతే?"

"ఓబులక్కా, నువ్వు ఇంట్లోకి పోయి కూచో," అన్నాడు లింగన్న. మా వాడు నవ్వాడు. రంజిత కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

వీళ్ళకు నేనెప్పుడూ నవ్వులాటే. గ్యాసు వాసన వస్తోందని రాత్రి మూడుసార్లు లేస్తాను. లిఫ్టు ఎక్కను. వాడు డ్యూటీకి పోతే చేరావా అని ఫోను, బయలుదేరావా అని ఫోను, వాన పడితే ఇంకో ఫోను. వాడు కసురుకుంటాడు. అయినా చేస్తాను. మా ఆయన హోస్కోటలో సైటు పని చేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. ఆయనా ఫోను ఎత్తడం తగ్గించాడు.

కవర్లు మా ఇంట్లో కొనక్కర్లేదు. రోజూ వచ్చే పాల పాకెట్ల కవర్లను కడిగి, ఆరేసి, వంటింటి కిటికీ మేకుకు గుచ్చి పెడతాను. వాటిలోంచి లెక్కపెట్టి ఏడు తీశాను.

లెక్కపెట్టడం నాకు అలవాటైన పని. ఐదో తరగతి దాకానే చదివినా, పద్దెనిమిదేళ్ళు ఒక చిన్న నర్సింగు హోములో ఆపరేషను థియేటరు ఆయాగా చేశాను. కడుపు కోసే ముందు భారతి సిస్టరు పైకి లెక్కపెట్టి గుడ్డలు ఇచ్చేది. మళ్ళీ కుట్టు వేసే ముందు రక్తం గుడ్డలన్నీ నేలమీద వరసగా పరిచి ఇద్దరం కలిసి లెక్కపెట్టేవాళ్ళం. లెక్క సరిపోయేదాకా డాక్టరుగారు సూది పట్టేవారు కాదు. ఏ వస్తువు ఎవరికిచ్చినా మనసులో లెక్క పడిపోవడం అప్పటినుంచీ ఉంది.

ఏడింటిలో ఆరు వాడికిచ్చాను. "చాలు మా," అన్నాడు. ఒకవేళ చినిగితే పనికొస్తుందని ఏడోది నా నడుము దగ్గర చీరలో దోపుకున్నాను.

పదకొండింటికి కారు మా గోడ నీడలోకి తెచ్చి ఆపాడు. రెండింటికి బానెట్ ఎత్తాడు. నేను ముందుగా చెయ్యి దగ్గర పెట్టి చూశాను, చల్లగానే ఉంది. వాడు బ్యాటరీ వైరు విప్పి పక్కకు వంచాడు. ఒక్కొక్క కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తుంటే పక్కన నిలబడి ఇది ఏమిటి, అది ఏమిటి అని అడిగాను. ఫ్యూజుల పెట్టె, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు, కంప్యూటరు పెట్టె, ఇంకేవో రెండు వైర్ల ముడులు. చివరిది ఇంజనుకు గాలి పోయే నల్ల పెట్టె.

"గాలి కూడా పీల్చుకుంటాదా ఇది?"

"మనిషి మాదిరే మా. గాలి ఆడకపోతే ఆగిపోతాది."

ఈ మాట నాతోనే అన్నాడు. నేను విన్నాను కూడా.

మందు కొట్టి, పాత పళ్ళ బ్రష్షుతో మూలలు, పెద్ద బ్రష్షుతో పైభాగం రుద్దాడు. నల్లని నీళ్ళు కిందికి కారాయి. చెంబూ బకెట్టూ తేవడానికి వాడు సంపు దగ్గరికి పోయాడు.

అప్పుడు చూశాను. కారు లైటు పక్కన, ముందువైపుకు తిరిగి, ఒక నల్ల గొట్టం నోరు. నా అరచేయి పట్టేంత వెడల్పు. తెరుచుకునే ఉంది. దానికి కవరు కట్టలేదు. ఆ గొట్టం ఎక్కడికి పోతుందో నేను చూడలేదు. లోపల చీకటి తప్ప ఏమీ కనపడలేదు. చెంబు నీళ్ళు ఒక్కసారి అటు చిందితే నేరుగా లోపలికే పోతాయి అనిపించింది. వాణ్ణి అడిగితే గమ్మునుండు అంటాడు. నడుములోంచి ఏడో కవరు తీసి, మడిచి, ఊడిపోకుండా ఆ నోట్లోకి రెండు వేళ్ళు లోపలికంటా కుక్కాను.

"అత్తా," అని లోపలినుంచి కేక.

రంజిత పిక్క పట్టేసింది. ఆ పిల్ల మంచం మీద వంకర తిరిగిపోతోంది. పరిగెత్తాను. పాదం నా ఒడిలో పెట్టుకుని వేళ్ళు వెనక్కి లాగి, నూనె రాసి, పిక్క సడలేదాకా కూర్చున్నాను. ఆ పిల్ల పాదాలు రొట్టెల్లా ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నిన్నటికంటే ఎక్కువ. నాకు ఆ గుంట తప్ప ఇంకేమీ గుర్తు లేకుండా పోయింది.

బయటికి వచ్చేసరికి కడగడం అయిపోయింది. వాడు పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. కారును ఎండలోకి తోసి, బానెట్ ఎత్తి గంట సేపు ఆరబెట్టాడు. కవర్లు విప్పి బకెట్లో వేశాడు. వైరు బిగించి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది. శబ్దం మెత్తగా, కుదురుగా ఉంది.

"చూసినావా మా? పగల్లేదు, పేల్లేదు."

"నిదానంగా పో నాయనా."

"లింగన్న కాడికి పోయి చూపించుకోని ఏడింటికల్లా వచ్చేస్తా. నువ్వు మాత్రం ఫోను చేయొద్దు."

నాలుగున్నరకు వెళ్ళిపోయాడు. కొత్తదానిలా మెరుస్తున్న ఇంజనును మూసుకుని కారు మలుపు తిరిగిపోతే, ఆ రోజు మొదటిసారి నాకు కాస్త ఊపిరాడింది. బకెట్టు తెచ్చుకుని, కవర్లకు సబ్బు పెట్టి కడిగి, తీగ మీద క్లిప్పులు పెడుతూ లెక్కపెట్టాను.

ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాను. బకెట్టు బోర్లించాను. చెయ్యి దానంతట అదే నడుము దగ్గరికి పోయింది. అక్కడ కవరు లేదు. నా రెండు వేళ్ళు ఆ గొట్టం నోట్లోకి దిగడం అప్పుడు గుర్తుకొచ్చింది. దాని వెంటే వాడి మాట. గాలి ఆడకపోతే ఆగిపోతాది.

తీగ పట్టుకుని నిలబడ్డాను.

ఫోను తీశాను. నొక్కబోయి ఆగాను. వాడు ఇప్పుడు కుందలహళ్ళి దాటి ఉంటాడు. ఒక చేత్తో ఫోను ఎత్తితే, ఆ ఒక్క క్షణం రోడ్డు చూడకపోతే? ఎత్తకపోతే? ఎత్తాలనీ ఎత్తకూడదనీ రెండూ అనుకుంటూ నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మూడోసారి కూడా అంతే.

లింగన్న నంబరు నా దగ్గర లేదు. రంజిత ఫోనులో ఉంది. రంజితకు భయం కలిగించే మాట ఒక్కటి కూడా చెప్పొద్దని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. ముఖం కొంగుతో తుడుచుకుని లోపలికి పోయాను. ఆ పిల్ల ఎడమపక్కకు తిరిగి పడుకుని ఉంది.

"నీ ఫోను ఒకసారి ఇయ్యి రంజితా. లింగన్నతో మాట్లాడాల."

"ఏం మాట్లాడతావు?"

"ఊరికే. బండి చేరిందేమో అని."

"ఇప్పుడే కదా పోయినాడు. బావకు చేసినావా?"

"చేసినా. ఎత్తలేదు."

రంజిత కాసేపు నా ముఖంలోకి చూసి, లేచి కూర్చుంది. "చెప్తే తిడతావని చెప్పలేదు అత్తా. నీ నంబరుకు శబ్దం తీసేసినాడు. బండి నడిపేటప్పుడు నువ్వు చేస్తే వినపడదు. నెల రోజులైంది."

నా ఫోను నా చేతిలోనే ఉంది. దానివైపు చూశాను. నెల రోజులుగా నేను చేసిన ఫోన్లన్నీ ఎక్కడికి పోయాయి? వాడు చేరాడా లేదా అని నేను గడప దగ్గర నిలబడి చేసినవి?

ఏడవడానికి కూడా సమయం లేదు.

"ఏం చేసినావు అత్తా? నిజం చెప్పు. ఊరికే అయితే లింగన్న నంబరు నీకెందుకు?"

చెప్పాను. దాచడం వల్ల కాలేదు. చెబుతూ ఆ పిల్ల ముఖం ఎర్రబడుతుందేమో, చెయ్యి తల మీదికి పోతుందేమో అని చూస్తూనే ఉన్నాను. రంజిత కసరలేదు, ఏడవలేదు. ముందు భర్తకు చేసింది. వాడు ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడని ఫోను చెప్పింది. వెంటనే లింగన్నకు చేసి స్పీకరు పెట్టింది.

"ఎంత లోపలికి కుక్కినావక్కా?" అన్నాడు లింగన్న. ఈసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు.

"రెండు వేళ్ళు."

"గట్టిగానా, వదులుగానా?"

"ఊడిపోకూడదని గట్టిగానే."

"అది గాలి గొట్టమక్కా. కవరు మడతల్లో సందు ఉండాది కాబట్టి స్టార్టయింది. మెల్లగా పోయినంతసేపూ నడుస్తాది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే మాత్రం లోపలికి గుంజుకుంటాది. అప్పుడు ఆగిపోతాది."

"ఆగితే?"

"స్టీరింగు బరువైతాది. బ్రేకు రాయి మాదిరి అయితాది. వానికి తెలుసులే, వాడు డ్రైవరు."

"ఎత్తు యాడ ఉంది లింగన్నా?"

అడగక్కర్లేదు. ఆ రోడ్డులో ఎత్తు వంతెన దగ్గరే ఉంది. వెనక లారీలు ఒకదాని వెంట ఒకటి ఎక్కుతూ ఉంటాయి. బరువు మీదున్న లారీ ఉన్నపళంగా ఆగజాలదు.

"నేను చేసి చూస్తా. మీరు కూడా చేస్తాండండి," అని పెట్టేశాడు.

రంజిత చేస్తూనే ఉంది. ఒకసారి బిజీ, ఒకసారి మోగింది, ఎత్తలేదు. నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను, నాడి చూసే సాకుతో. నా నాడే వేగంగా కొట్టుకుంటోంది. మనసులో దేవుళ్ళ పేర్లు కూడా రాలేదు. కదిరి నరసింహస్వామిని తలుచుకోబోతే లారీ ముందుభాగమే కనపడింది. వాడి చిన్నప్పటి జ్వరాలు గుర్తొచ్చాయి. వాణ్ణి ఇన్నేళ్ళు నీళ్ళనుంచి, కరెంటునుంచి, కుక్కలనుంచి కాపాడుకుంటూ వచ్చింది ఈ చేతులే. కవరు కుక్కిందీ ఈ చేతులే.

"అత్తా, నొప్పి," అంది రంజిత.

కడుపు అనుకుని ఎగిరిపడ్డాను. కాదు. నేను మణికట్టు అంత గట్టిగా పట్టుకున్నాను.

ఐదూ ఇరవైకి ఆ పిల్ల ఫోను మోగింది. వాడే.

"రంజితా, బండి ఆగిపోయిందబ్బా," అన్నాడు స్పీకరులో. వెనక హారన్లు, మనుషుల అరుపులు. "వంతెన ఎక్కేకాడ. నాకేం కాలేదు, పక్కకు లాగినా. లారీవోడు జానెడు దూరంలో తప్పించుకోని పోయినాడు. పక్క అద్దం మాత్రం పోయింది. నీళ్ళు పోయినట్టుండాది లోపలికి. నాదే తప్పు, సరిగ్గా ఆరనీలేదు. అమ్మకు చెప్పాకు. విన్నాదంటే రేపు నిన్ను ఈ బండి ఎక్కనీదు."

రంజిత నావైపు చూసింది. ఫోను నా చేతికి ఇవ్వలేదు. తీసుకోమని అడగనూ లేదు. మంచం మీద మా ఇద్దరి మధ్య పెట్టింది, అంతే.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. లింగన్న తర్వాత ఎలాగూ తీస్తాడు. అప్పటిదాకా వాడు తనదే తప్పనుకుంటాడు, తాళం తిప్పుతూ ఉంటాడు. తిప్పితే ఇంకా లోపలికి పోతుందేమో, ఇంకేదైనా విరుగుతుందేమో.

"నాయనా, తాళం తిప్పాకు," అన్నాను.

"అమ్మా?"

"నీళ్ళు కాదు. లైటు పక్కన నల్ల గొట్టం ఉంది కదా, దాని నోట్లో పాల కవరు ఉంది. నేనే పెట్టినా. నీళ్ళు పోతాయని పెట్టినా. తియ్యడం మర్చిపోయినా."

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా ఫోనులో నీవి మూడు మిస్డ్ కాల్స్ ఉండాయి," అన్నాడు.

"అవును."

"సరే. చూస్తా."

బానెట్ ఎత్తిన చప్పుడు వినపడింది. కాసేపటికి వాడి గొంతు. "వచ్చింది మా. సగమే వచ్చింది. చినిగి ఉండాది."

"సగం లెక్క కాదు నాయనా."

"తెలుసు మా. లింగన్న వస్తాండాడు స్కూటరు మీద. ఉండు."

పది నిమిషాలకు వీడియో కాల్ చేశారు. రంజిత ఫోను ఎత్తి పట్టుకుంది. లింగన్న నల్ల పెట్టె మూత విప్పి, లోపలి కాగితం ఫిల్టరు బయటికి తీసి, దానికి అతుక్కున్న రెండో సగం పీకి చూపించాడు.

"ఇదిగో ఓబులక్కా, నీ ఆస్తి. అయిపోయింది."

"రెండూ బానెట్ మీద పరిచి కలిపి చూపించు."

"ఇంకేం కావాలక్కా?"

"పరచమంటాండా కదా."

పరిచారు. చినిగిన అంచులు కలిశాయి. కింది అంచు సరిగ్గా ఉంది, ఎడమపక్క సరిగ్గా ఉంది. పైన కుడి మూల లేదు.

"మూల ముక్క యాడ?" అన్నాను.

"పాలు పోసుకునేటప్పుడు కత్తిరించి ఉంటావు కదక్కా. అందరూ కత్తిరిస్తారు."

"నేను పూర్తిగా కత్తిరించను. సగం కోసి వదిలేస్తా. ముక్క ఊడి పాలల్లో పడితే ఎవరి గొంతులోనైనా అడ్డం పడతాదని. నా ఇంట్లో మూల లేని కవరు ఉండదు."

లింగన్న మా వాడివైపు చూసి నవ్వాడు. "ఆ ముక్క గోరంత ఉంటాది. ఫిల్టరు దాటి పోదు."

నేను ఏదో అనబోయాను. ఈలోగా మా వాడే అన్నాడు. "ఎతుకు అన్నా. ఉంది అంటే ఉంటాది. అమ్మ లెక్క తప్పదు."

రంజిత నా వీపు మీద చెయ్యి వేసింది.

సెల్‌ఫోను టార్చి వేసి ఎతికారు. గొట్టంలో లేదు. పెట్టె అడుగున లేదు. ఫిల్టరు మడతలు ఒక్కొక్కటి వేలితో విప్పి చూస్తూ పోతే, చివరి నుంచి మూడో మడతలో చిన్న తెల్లముక్క. లింగన్న దాన్ని చూపుడువేలి కొన మీద పెట్టి ఫోనుకు దగ్గరగా చూపించాడు. ఈసారి ఆయన నవ్వలేదు.

కొత్త ఫిల్టరు వేశాడు. కారు స్టార్టయింది. గ్యారేజీకి తీసుకుపోయి, ఇంజను పైమూత కింద చినిగిన ప్యాకింగు లోంచి ఆయిలు కారుతోందని కనిపెట్టి మార్చాడు. కడిగి ఉండడం వల్ల ఐదు నిమిషాల్లో కనపడిందట. ఆరున్నరకు రామాంజి గ్యారేజీ నుంచి నా నంబరుకే ఫోను చేశాడు.

"అమ్మా, నువ్వు చెప్పు. రేపు రంజితను ఈ బండిలో ఎక్కించేదా, వద్దా? వద్దంటే వేరే బండి మాట్లాడతా. నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

జీవితమంతా వద్దు వద్దు అంటూనే వచ్చాను. ఎవరూ వినరు కాబట్టి ఆ మాట తేలిగ్గా వచ్చేది. ఇప్పుడు వింటానంటున్నాడు. వద్దంటే వేరే బండి వస్తుంది. దాని బ్రేకులు ఎలా ఉంటాయో, దాన్ని నడిపేవాడు తాగి ఉంటాడో, నిద్రలేక ఉంటాడో ఎవరికి తెలుసు? సరే అంటే ఇదే బండి, నా చెయ్యి పడిన బండి. ఏది చెప్పినా రేపు ఆ వంతెన మీద ఆ మాట నాదే అవుతుంది.

"ఇంటికి రా," అన్నాను. "వచ్చినాక చెప్తా."

వాడు వచ్చేసరికి పక్కింటి శాంతమ్మను రంజిత దగ్గర కూర్చోబెట్టి, చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. కారు ఆగగానే ముందు తలుపు తీసి ఎక్కాను. నేనెప్పుడూ ముందు సీట్లో కూర్చోలేదు.

"యాడికి మా?"

"ఆ వంతెన కాడికి. బిడ్డ తల్లి ఎక్కేముందు నేను ఎక్కి చూడాల."

"ఇప్పుడా? ట్రాఫిక్కులో గంట పడతాది."

"పడనీ."

వాడు బండి తిప్పాడు. పోయిన అద్దం స్థానంలో వైరు ఒకటి వేలాడుతోంది. నూనె వాసన లేదు. నేను చెవి పెట్టి ఇంజను శబ్దం వింటున్నాను. ప్రతి గతుక్కూ, ప్రతి గేరుకూ నా చేతులు సీటు అంచును పట్టుకుంటున్నాయి.

"రంజిత చెప్పిందిలే. నీ ఫోనుకు శబ్దం తీసేసినందుకు కోపమా?" అన్నాడు కుందలహళ్ళి సిగ్నలు దగ్గర.

"కోపం లేదు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు చేసినానో. రేపటి నుంచి ఒక్కసారే చేస్తా. ఆ ఒక్కటీ ఎత్తు."

"ఎత్తుతా."

వంతెన వచ్చింది. ముందు బస్సు, వెనక లారీ. ఎడమపక్కన నేల మీద అద్దం ముక్కలు వెలుగుతున్నాయి. అవి మా కారు అద్దానివే. వాడు వాటివైపు చూడకుండా దాటించాడు. ఎత్తు మొదలైంది. లారీ లైట్లు వెనక నుంచి కారంతా నిండిపోయాయి. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

"తొక్కు," అన్నాను.

"మెల్లగా పోదాం మా."

"మెల్లగా అయితే కవరున్నప్పుడు కూడా నడిచింది కదా. తొక్కు."

తొక్కాడు. ఇంజను గట్టిగా మూలిగింది. నా గుండె ఆగింది. ఇంజను ఆగలేదు. వంతెన నడుమకు చేరి, దిగి, అవతల సమతలం మీదికి వచ్చాక గానీ సీటు అంచు వదల్లేదు. గోళ్ళు దిగబడినచోట సీటు గుడ్డ మీద గుర్తులు పడ్డాయి.

"చాలా మా?"

"చాల్లేదు. తిరుగు దారిలో ఆ పక్క నుంచి కూడా ఎక్కాల కదా."

వాడు నవ్వుతూ కారు తిప్పాడు. నేను ఫోను తీసి రంజితకు చేశాను. ఆ పిల్ల ఒక్క మోతకే ఎత్తింది.

"బట్టల సంచి సర్దినావా?"

"సర్దినా అత్తా."

"తలుపు కాడ పెట్టు. పొద్దున బండిలో పెట్టుకుందాం," అన్నాను. లారీ లైట్లు మళ్ళీ వెనక నుంచి వస్తున్నాయి. ఎత్తు మళ్ళీ మొదలైంది.